ఎముకల పెట్టెలతో బదిలీ: డాక్టర్ బిరజా శంకర్ గుహ జీవితం

కోల్‌కతాకు కొత్తగా బదిలీ అయి వచ్చిన కుటుంబాలు మొదటి సెలవుల్లోనే చూసే చోట్లలో చౌరంగీ రోడ్డు మీది ఇండియన్ మ్యూజియం ఒకటి. ఇక్కడివాళ్ళు దాన్ని జాదూఘర్ అంటారు. 1814లో మొదలైన మ్యూజియం అది. లోపలికి అడుగుపెట్టగానే పిల్లలంతా ఈజిప్టు మమ్మీ ఎక్కడుందా అని వెతుక్కుంటారు. మమ్మీని చూశాక ఐస్‌క్రీం గుర్తొస్తుంది. ఆ భవనంలోనే ఒకప్పుడు ఒక మనిషి కూర్చుని, వేల ఏళ్ళ కిందటి మనుషుల పుర్రెలను, దవడలను, తొడ ఎముకలను చేతుల్లోకి తీసుకుని కొలతలు రాసుకునేవాడని మనలో చాలామందికి తెలియదు. ఆయన పేరు డాక్టర్ బిరజా శంకర్ గుహ. మోహెంజోదారో, హరప్పా నగరాల్లో బతికిన మనుషులు ఎలా ఉండేవారో వాళ్ళ ఎముకల నుంచి తెలుసుకోవాలని ప్రయత్నించిన తొలి భారతీయ శాస్త్రవేత్తల్లో ఆయన ముఖ్యుడు. ఇప్పుడు భారత మానవశాస్త్ర సర్వే అని పిలిచే కేంద్ర ప్రభుత్వ సంస్థకు మొదటి డైరెక్టర్ కూడా ఆయనే.

ఆయన కథ మన పత్రికలో చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మనలాగే ఆయన ఆఫీసు కూడా ఒకసారి సామాన్లన్నీ సర్దుకుని బదిలీ మీద వెళ్ళింది. ఆ బదిలీలో జరిగిన నష్టం మామూలు నష్టం కాదు.

చదువు కోసం సముద్రాలు దాటి

గుహ 1894 ఆగస్టు 15న షిల్లాంగ్‌లో పుట్టారు. ఇప్పుడు మేఘాలయకు రాజధాని అయిన ఆ కొండ ఊరు అప్పట్లో అస్సాంలో భాగం. చదువు కోసం ఆయన కలకత్తా వచ్చారు. స్కాటిష్ చర్చ్ కాలేజీలోను, తర్వాత కలకత్తా విశ్వవిద్యాలయంలోను ఆయన చదివింది తత్త్వశాస్త్రం. ఎముకలకూ తత్త్వశాస్త్రానికీ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. మనిషి అంటే ఎవరు అన్న ప్రశ్న రెండింటిలోనూ ఉంది. తత్త్వవేత్త దాన్ని ఆలోచనతో వెతుకుతాడు. మానవశాస్త్రవేత్త మనుషుల దగ్గరకు వెళ్ళి, వాళ్ళ మాట, ఆచారం, శరీరం, వాళ్ళ పూర్వీకులు వదిలిన ఆనవాళ్ళు చూసి వెతుకుతాడు. గుహ రెండో దారి పట్టారు.

ఆ శాస్త్రాన్ని బాగా నేర్చుకోవడానికి ఆయన అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడ రోలాండ్ డిక్సన్, ఎర్నెస్ట్ హూటన్ ఆయనకు గురువులు. అమెరికా ఆదివాసుల పాత ఊళ్ళ తవ్వకాల్లో బయటపడిన ఎముకలను వరసపెట్టి పరిశీలించి, ఆ ఊళ్ళ జనం ఆరోగ్యం, ఆయుర్దాయం గురించి చెప్పడంలో హూటన్‌కు మంచి పేరు. గుహ 1922లో ఎం.ఏ., 1924లో డాక్టరేట్ పొందారు. మానవశాస్త్రంలో ఆ పట్టా అందుకున్న తొలి భారతీయుల్లో ఆయన ఒకరు.

అదే 1924లో ఇంకో పెద్ద వార్త ప్రపంచమంతా తిరిగింది. సింధు లోయలో హరప్పా, మోహెంజోదారో అనే చోట్ల ఎవరికీ తెలియని ఒక పాత నాగరికత బయటపడిందని పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ ప్రకటించారు. మోహెంజోదారో ప్రాచీనతను తొలిసారి గుర్తించిన వారిలో బెంగాలుకు చెందిన రాఖల్‌దాస్ బెనర్జీ ముఖ్యులు. ఇటుకల ఇళ్ళు, మురుగు కాలువలు, ముద్రలు దొరికాయి. వాటితోపాటు మనుషుల అస్థిపంజరాలు కూడా దొరికాయి. ముద్రల మీద ఉన్న రాత ఎవరికీ అర్థం కాలేదు. ఈ రోజుకీ దాన్ని అందరూ ఒప్పుకునేలా ఎవరూ చదవలేకపోయారు. మరి ఆ మనుషుల గురించి తెలుసుకోవాలంటే వాళ్ళ ఎముకలనే అడగాలి. ఎముకలను అడగడం తెలిసిన మనిషి సరిగ్గా ఆ కాలంలోనే చదువు ముగించుకుని తిరిగి వచ్చాడు.

ఎముకను ఎలా చదువుతారు

1927లో గుహ కలకత్తాలోని భారత జంతుశాస్త్ర సర్వేలో మానవశాస్త్ర విభాగంలో చేరారు. అప్పట్లో మనుషులను పరిశోధించడానికి వేరే ప్రభుత్వ సంస్థ లేదు. చేపలు, కప్పలు, పాములు, పురుగులతో పాటు మనిషి కూడా అదే ఆఫీసులో ఒక విభాగం. ఆ ఆఫీసు ఉండేది ఇండియన్ మ్యూజియం భవనంలోనే.

తవ్వకాల నుంచి వచ్చిన ఎముకలు సినిమాల్లో చూపించే అస్థిపంజరాల్లాగా తెల్లగా, నిండుగా ఉండవు. మట్టి బరువుకు నలిగిపోయి, ఉప్పు పట్టి, ముట్టుకుంటే పొడి రాలేలా ఉంటాయి. ముందు వాటిని మెత్తటి కుంచెతో శుభ్రం చేయాలి. ముక్కలను అతికించాలి. ఏ ముక్క ఏ చోట, ఎంత లోతున, ఏ పక్కకు తిరిగి ఉండగా దొరికిందో తెలిపే చీటీ ఎప్పుడూ దాని వెంటే ఉండాలి. చీటీ పోయిన ఎముక తారీకు, ఊరు, చిరునామా లేని ఉత్తరం లాంటిది.

ఆ తర్వాత చదవడం మొదలవుతుంది. కటి ఎముక ఆకారం చూసి ఆడా మగా అన్నది అంచనా వేస్తారు. పాలపళ్ళు ఉన్నాయా, దవడ పళ్ళు ఎన్ని వచ్చాయి, పొడుగు ఎముకల చివరలు పూర్తిగా అతుక్కున్నాయా అన్నది చూసి పిల్లల వయసు చెబుతారు. తొడ ఎముక పొడవు నుంచి మనిషి ఎత్తును లెక్క కడతారు. విరిగి అతుక్కున్న ఎముక మీద గట్టి ముడి కనిపిస్తుంది. పుచ్చిపోయిన పన్ను, అరిగిన కీలు, రక్తహీనత వల్ల కంటిగూడు పైభాగంలో పడిన సన్నటి రంధ్రాలు, ఇవన్నీ ఆ మనిషి పడ్డ బాధల గుర్తులు.

మోహెంజోదారో మీద మార్షల్ పర్యవేక్షణలో 1931లో మూడు పెద్ద సంపుటాలు వచ్చాయి. వాటిలో మనుషుల ఎముకల గురించిన భాగాన్ని రాసినవారు ఇద్దరు. ఒకరు జంతుశాస్త్ర సర్వే డైరెక్టర్ సీమోర్ స్యూవెల్. రెండోవారు గుహ. అంతకు ముందే బలూచిస్తాన్‌లోని నాల్ అనే చోట దొరికిన ఎముకలను కూడా ఈ ఇద్దరే పరిశీలించారు. ఆ తర్వాత కూడా సింధు లోయ తవ్వకాల్లో దొరికిన మనిషి ఎముకలు కొన్ని కలకత్తా దారి పట్టాయి.

కొలతలు సరైనవే, కానీ

ఇప్పుడు గుహ జీవితంలో దాచకుండా చెప్పుకోవలసిన సంగతి ఒకటి ఉంది.

ఆయన కాలంలో శాస్త్రవేత్తలు పుర్రె ఆకారానికి చాలా ప్రాముఖ్యం ఇచ్చేవారు. తల వెడల్పును తల పొడవుతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చే అంకెను కపాల సూచిక అంటారు. పొడవు 18 సెంటీమీటర్లు, వెడల్పు 13.5 సెంటీమీటర్లు అయితే సూచిక 75. ఈ అంకె తక్కువైతే పొడుగు తల, ఎక్కువైతే గుండ్రటి తల. ఇలాంటి కొలతలు, ముక్కు వెడల్పు, చర్మం రంగు, జుట్టు తీరు కలిపి చూస్తే మనుషులను జాతులుగా విడదీయవచ్చని నమ్మేవారు.

1931 జనాభా లెక్కల కోసం గుహ దేశం నలుమూలలా తిరిగి ఎన్నో సమూహాల మనుషులను కొలిచారు. రైలు, ఎడ్లబండి, పడవ, చివరికి కాలినడక. ఆ నివేదిక 1935లో అచ్చయింది. భారతీయులను ఆయన అందులో ఆరు ముఖ్య రకాలుగా విభజించారు. నీగ్రిటో, ప్రోటో ఆస్ట్రలాయిడ్, మంగోలాయిడ్, మెడిటరేనియన్, పశ్చిమ బ్రాకీసెఫాల్, నార్డిక్ అన్న పేర్లు ఇప్పటికీ పోటీ పరీక్షల పుస్తకాల్లో కనిపిస్తాయి. పెద్ద తరగతుల్లో ఉన్న అన్నలూ అక్కలూ వాటిని బట్టీ పట్టడం మీరు వినే ఉంటారు.

ఈ రోజు శాస్త్రం ఆ విభజనను ఒప్పుకోదు. గుహ కొలతలు తప్పని కాదు. ఆయన చాలా జాగ్రత్తగా కొలిచారు. ఆ కొలతల నుంచి జాతుల గీతలు గీయవచ్చన్న నమ్మకమే తప్పు. మనుషుల మధ్య తేడాలు కొంచెం కొంచెంగా మారుతూ పోతాయి. ఇక్కడితో ఒక జాతి అయిపోయింది, ఇక్కడి నుంచి ఇంకొకటి మొదలైంది అని చెప్పే సరిహద్దు ఎక్కడా లేదు. మనందరం వేల ఏళ్ళుగా కలుస్తూ వచ్చిన జనం పిల్లలమే అని జన్యుశాస్త్రం చెబుతోంది.

ఆ అనుమానానికి చోటు గుహ కాలంలోనే ఉంది. ఆయన హార్వర్డ్‌కు వెళ్ళడానికి కొన్నేళ్ళ ముందే అమెరికాలో ఫ్రాంజ్ బోవాస్ అనే శాస్త్రవేత్త యూరప్ నుంచి వలస వచ్చిన కుటుంబాల్లో దాదాపు 18,000 మందిని కొలిచారు. అమెరికాలో పుట్టిన పిల్లల తల ఆకారం, పాత దేశంలో పుట్టిన వాళ్ళ తల ఆకారం ఒకేలా లేవని ఆయన గమనించారు. ఎంత మార్పు వచ్చిందన్నదాని మీద తర్వాత వాదాలు జరిగాయి. అయినా ఊరు, తిండి, నీరు మారితే శరీరం కూడా కొంత మారుతుందన్న ఆలోచన అక్కడి నుంచే బలపడింది. జాతి పేరు చెప్పి మనుషులను ఎక్కువ తక్కువ అనడం ఎంత ప్రమాదమో హిట్లర్ జర్మనీ లోకానికి చూపించింది. గుహ లాంటి పండితుడు కూడా తన కాలపు నమ్మకాన్ని పూర్తిగా దాటలేకపోయాడన్నది మనం గుర్తుంచుకోవలసిన పాఠం.

బదిలీ, వరద

రెండో ప్రపంచ యుద్ధం తూర్పు వైపు వచ్చింది. జపాన్ సైన్యం బర్మాను పట్టుకుంది. కలకత్తా మీద బాంబులు పడతాయన్న భయం మొదలైంది. 1942 డిసెంబరులో నిజంగానే పడ్డాయి. మ్యూజియంలో ఉన్న విలువైన సేకరణలను దూరంగా తరలించాలని నిర్ణయించారు. జంతుశాస్త్ర సర్వే 1942లో బెనారస్‌కు బదిలీ అయింది. అక్కడ వరుణా నది ఒడ్డున ఉన్న కైజర్ కాజిల్ అనే భవనంలో దిగింది.

మనకు బదిలీ అంటే ఏమిటో తెలుసు. అట్టపెట్టెలు, తాళ్ళు, పెట్టె మీద స్కెచ్ పెన్నుతో రాసిన పేర్లు. గాజు సామాను ఉన్న పెట్టె ఎక్కడ పెడతారో అని అమ్మ కంగారు. కొత్త క్వార్టర్స్‌కు చేరాక ఒక పెట్టె కనబడదు, ఒకటి తడిసి ఉంటుంది. ఇప్పుడు ఆ పెట్టెల్లో ఉన్నవి నాలుగున్నర వేల ఏళ్ళ నాటి ఎముకలనుకోండి. హరప్పాలో తవ్వి తీసిన మనుషులు అలా ఒక చోటి నుంచి ఇంకో చోటికి ప్రయాణం చేశారు.

బాంబుల నుంచి కాపాడాలని తీసుకువెళ్ళిన చోట నీళ్ళు వచ్చాయి. 1943లో వరుణా నది పొంగింది. వరద భవనంలోకి వచ్చింది. పుస్తకాలు, జంతువుల నమూనాలు, హరప్పా ఎముకలు నీటిలో మునిగాయి. పాత ఎముకకు తడి పెద్ద శత్రువు. నానిన ఎముక మెత్తబడుతుంది, ఎండేటప్పుడు పగుళ్ళు తీస్తుంది, అతికించిన చోట విడిపోతుంది. మట్టిలో 4,500 ఏళ్ళు నిలిచిన మనుషులు ఒక్క వర్షాకాలంలో ఎంతో దెబ్బతిన్నారు. దేశంలో మరెక్కడా దొరకని సేకరణ అది. ఇంకోటి కొనుక్కోవడానికి అంగడిలో దొరికేది కాదు.

ఇలాంటి దెబ్బ తిన్నాక ఎవరైనా ఇక చాలు అనుకోవచ్చు. మిగిలినవి పారేసి కొత్త పని చూసుకోవచ్చు. ఆ పెట్టెలను ఎవరూ పారేయలేదు. మిగిలిన ముక్కలను దాచారు.

కొత్త ఆఫీసు, కొత్త దేశం

మనుషుల గురించిన పరిశోధనకు వేరే సంస్థ ఉండాలని గుహ చాలాకాలంగా కోరుతూ వచ్చారు. యుద్ధం ముగిసిన ఏడాదే, 1945 డిసెంబరు 1న, ఆ సంస్థ బెనారస్‌లోనే మొదలైంది. గుహ దానికి డైరెక్టర్ అయ్యారు. ఆదివాసుల మధ్య బతికి వాళ్ళ గురించి రాసిన వెరియర్ ఎల్విన్ ఆయనకు డిప్యూటీగా వచ్చారు. 1948లో ఆఫీసు మళ్ళీ కలకత్తాకు, ఇండియన్ మ్యూజియానికి చేరింది. ఎముకల పెట్టెలకు అది తిరుగు ప్రయాణం.

కానీ అప్పటికి దేశపటమే మారిపోయింది. 1947 విభజనలో హరప్పా, మోహెంజోదారో పాకిస్తాన్‌లో ఉండిపోయాయి. ఆ మనుషులను పాతిపెట్టిన శ్మశానం ఒక దేశంలో, వాళ్ళ ఎముకలు ఇంకో దేశంలో.

విభజన బతికున్న మనుషులను కూడా కదిలించింది. తూర్పు బెంగాలు నుంచి లక్షల మంది ఇల్లూ వాకిలీ వదిలి కలకత్తాకు వచ్చారు. సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారాలే వాళ్ళకు ఇళ్ళయ్యాయి. అప్పుడు గుహ, ఆయన సహచరులు కాందిశీకుల కాలనీలకు వెళ్ళారు. హుగ్లీ జిల్లాలోని జిరాట్, కలకత్తా దక్షిణాన ఉన్న ఆజాద్‌గఢ్ అన్న రెండు చోట్ల కుటుంబాలతో మాట్లాడి, ఊరు వదిలిన బాధ మనుషుల మనసుల్లో, ఇరుగుపొరుగు సంబంధాల్లో ఏం చేస్తుందో పరిశీలించారు. ఆ అధ్యయనం 1959లో పుస్తకంగా వచ్చింది. జీవితమంతా కాలిపర్లతో తలలు కొలిచిన మనిషి, ఆ పనికి కాలిపర్లు చాలవని గ్రహించి ఎదురుగా కూర్చుని వినే పని చేశారు. నా దృష్టిలో ఆయన చేసిన గొప్ప పనుల్లో ఇది ఒకటి.

1954లో ఆయన డైరెక్టర్ పదవి నుంచి దిగారు. తర్వాత రాంచీలో ఆదివాసుల పరిశోధనకు సంబంధించిన పనిలో గడిపారు. 1961 అక్టోబరు 20న, ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ వెళ్ళే దారిలో ఉన్న ఘాట్‌శిల దగ్గర జరిగిన రైలు ప్రమాదంలో ఆయన మరణించారు. అప్పటికి వయసు 67.

ఆయన పోయిన మరుసటి ఏడాది, 1962లో, హరప్పా ఎముకల మీద సర్వేవారి పెద్ద నివేదిక అచ్చయింది. వరదలో నానిన ముక్కలను ఒక్కొక్కటిగా శుభ్రం చేసి, అతికించి, కొలిచి రాసింది ఆయన తర్వాతి తరం శాస్త్రవేత్తలు. ఆ పుస్తకాన్ని గుహ చూడలేదు. ఆయన మొదలుపెట్టిన సంస్థ ఆ పనిని అక్కడితో ఆపలేదు. కృష్ణా నది మీద నాగార్జునసాగర్ ఆనకట్ట కడుతున్నప్పుడు, నీళ్ళు రాకముందే నాగార్జునకొండ లోయను తవ్వారని మన తెలుగు పిల్లలకు తెలుసు. అక్కడ దొరికిన పాత మనుషుల ఎముకలను పరిశీలించింది కూడా ఈ సర్వేవారే.

పన్ను మరచిపోదు

గుహకు తెలియని ఒక పద్ధతి ఆయన తర్వాత వచ్చింది. తల ఆకారం చెప్పలేని సంగతిని ఒక చిన్న పన్ను చెప్పగలదని ఇప్పుడు మనకు తెలుసు.

ఒకే మూలకానికి చెందినా బరువులో తేడా ఉన్న పరమాణువులను ఐసోటోపులు అంటారని సైన్సు పుస్తకంలో చదువుతాం. స్ట్రాన్షియం అనే మూలకంలో 86, 87 అనే ఐసోటోపులు ఉన్నాయి. రాళ్ళలో ఉండే రుబీడియం చాలా చాలా నెమ్మదిగా స్ట్రాన్షియం 87గా మారుతూ ఉంటుంది. అందువల్ల రుబీడియం ఎక్కువగా ఉన్న పాత రాళ్ళలో 87 పాలు ఎక్కువ. దక్కను పీఠభూమిలోని నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటి లావా. హైదరాబాదు చుట్టుపక్కల గుట్టల గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. కోల్‌కతా కింద ఉన్నది గంగ హిమాలయాల నుంచి మోసుకొచ్చిన ఒండ్రు. ఒక్కో నేలలో 86కూ 87కూ ఉన్న నిష్పత్తి ఒక్కో రకంగా ఉంటుంది.

ఆ నేల నుంచి స్ట్రాన్షియం నీటిలోకి, పైరులోకి, వాటి నుంచి మన ఒంట్లోకి వస్తుంది. కాల్షియంకు దగ్గరి చుట్టం కాబట్టి దాని చోటులో పళ్ళలో, ఎముకల్లో కూర్చుంటుంది. ఎముక జీవితమంతా కొద్దికొద్దిగా పాతది పోయి కొత్తది వస్తూ ఉంటుంది. పంటి మీది పింగాణి పొర అలా కాదు. ఒక్కసారి తయారైతే ఇక మారదు. మొదటి దవడ పన్ను పింగాణి పుట్టినప్పటి నుంచి సుమారు మూడేళ్ళ లోపు తయారవుతుంది. రెండోది బడికి వెళ్ళే తొలి ఏళ్ళలో, జ్ఞానదంతం ఎనిమిది తొమ్మిదేళ్ళ నుంచి పదిహేను దాకా తయారవుతాయి. అంటే ఒకే నోటిలో మూడు పళ్ళు మూడు కాలాల చిరునామాలు.

తిండి సంగతి కార్బన్ ఐసోటోపులు చెబుతాయి. వరి, గోధుమ ఒక పద్ధతిలో సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకుంటాయి. జొన్న, సజ్జ, రాగి ఇంకో పద్ధతిలో చేసుకుంటాయి. అందుకే జొన్నరొట్టె తిన్న మనిషి ఎముకలో కార్బన్ 13 పాలు వరి అన్నం తిన్న మనిషి కంటే కాస్త ఎక్కువగా ఉంటుంది. నైట్రోజన్ ఐసోటోపులు మాంసం, చేపలు ఎంత తిన్నారో సూచిస్తాయి.

ఈ పద్ధతితో అమెరికా, భారత శాస్త్రవేత్తలు కలిసి హరప్పా శ్మశానంలో ఇటీవలి తవ్వకాల్లో దొరికిన పళ్ళను, హర్యానాలోని ఫర్మానాలో దొరికిన పళ్ళను పరీక్షించారు. స్ట్రాన్షియంతో పాటు సీసం ఐసోటోపులను కూడా చూశారు. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. హరప్పాలో పాతిపెట్టిన వాళ్ళలో చాలామంది ఆ నగరంలో పుట్టినవాళ్ళు కారని, వేరే చోట పుట్టి చిన్నతనంలోనే అక్కడికి వచ్చినవాళ్ళని తేలింది. ముందు వచ్చిన పన్ను ఒక నేలను చూపిస్తే, తర్వాత వచ్చిన పన్ను ఇంకో నేలను చూపించింది.

అంటే నాలుగున్నర వేల ఏళ్ళ కిందట కూడా ఊరు మారిన పిల్లలు ఉన్నారు. ఎందుకు వచ్చారో పన్ను చెప్పదు. పని కోసమా, చదువు లాంటి శిక్షణ కోసమా, చుట్టరికం కోసమా అన్నది ఇంకా వెతుకుతున్నారు. కానీ ఆ పిల్లలు కొత్త ఊరి నీళ్ళు తాగి, కొత్త వీధుల్లో తిరిగి, అక్కడే పెద్దవాళ్ళయి, ఆ ఊరివాళ్ళుగానే మట్టిలో కలిశారు. గుహ కాలంలో ఆ పుర్రెలను చూసి వీళ్ళు ఏ జాతి అని అడిగారు. ఇప్పుడు పళ్ళను చూసి వీళ్ళు ఎక్కడ పెరిగారు, ఏం తిన్నారు, ఎప్పుడు ఊరు మారారు అని అడుగుతున్నారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం ఎముకలకు చేతనవుతుంది.

ఇది సాధ్యం కావాలంటే ఎవరో ఒకరు ఎముకలను దాచి ఉంచాలి. తన ప్రశ్నకు తప్పు జవాబు వచ్చినా, తర్వాతి వాళ్ళు మంచి ప్రశ్న అడగడానికి సామాను మిగల్చాలి. యుద్ధంలో మోసుకెళ్ళి, వరదలో పోగొట్టుకుని, మిగిలిన ముక్కలతో తిరిగి వచ్చి, వాటికోసం ఒక సంస్థను నిలబెట్టిన గుహ మనకు మిగిల్చింది అదే.

మనలో కొందరి మొదటి దవడ పన్ను విశాఖలో తయారైంది. రెండోది నాగ్‌పూర్‌లోనో గువాహటిలోనో. మూడోది ఇప్పుడు కోల్‌కతాలో దవడ లోపల తయారవుతూ ఉంటుంది. ఈ రోజుల్లో బియ్యం ఒక రాష్ట్రం నుంచి, పప్పు ఇంకో రాష్ట్రం నుంచి వస్తాయి కాబట్టి మన పళ్ళు హరప్పా పిల్లల పళ్ళంత స్పష్టంగా చిరునామా చెప్పకపోవచ్చు. అయినా తాగిన నీళ్ళు మాత్రం ఆ ఊరివే. మళ్ళీ టీసీ తీసుకుని, పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయే రోజు వస్తుంది. స్నేహితులు ఇక్కడే ఉండిపోతారు. కానీ ఈ ఊరు కొంచెం మనతోనే వస్తుంది. ఈసారి జాదూఘర్‌కు వెళ్ళినప్పుడు మమ్మీని చూశాక, మనిషి పరిణామం గురించిన గదిలో కూడా కాసేపు ఆగండి. అక్కడి పుర్రె కింద ఉన్న చీటీ ఒకసారి చదవండి. ఆ చీటీ పోకుండా కాపాడడం కూడా ఒక జీవితకాలపు పనే.